సుగుణకు చెల్లెలు లేదు

చిన్ననాటి సంగతులు రాయమని ఎవరైనా అడిగితే ఈమధ్య నాకు నీరసం ముంచుకొస్తోంది. రాసినవే మళ్ళీ మళ్ళీ రాశాను. చదివేవాళ్ళు కూడా ఓపిగ్గా చదివారు పాపం. బాచుపల్లిలో నేనుండేది ఆరో అంతస్తు. పొద్దున్న లేచి బాల్కనీలో కూర్చుంటే కింద స్కూలు బస్సులు హారన్లు కొట్టుకుంటూ పోతుంటాయి, వాటి వెనక ఆఫీసు క్యాబులు, వాటి వెనక మళ్ళీ బస్సులు. అవి చూస్తూ కాఫీ తాగడం, మోకాళ్ళకు నూనె రాసుకోవడం, పేపరు తిరగేసి పక్కన పడెయ్యడం, ఇంతే నా రోజు. కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పడం మానేసి చాలా కాలమైంది. కథలు రాయడం మాత్రం మానలేదని అందరూ అనుకుంటారు గానీ, నిజానికి అదీ మానేసినట్టే. మొన్న శనివారం మా అక్క మనవరాలు చంకలో ఒక పాత బైండు పుస్తకం పెట్టుకుని రాకపోతే ఈ నాలుగు పేజీలూ రాసేదాన్ని కాదు.

దాని పేరు సహస్ర. తొమ్మిదో తరగతి. నిజాంపేటలో వాళ్ళ అమ్మానాన్నలతో, మా అక్కతో కలిసి ఉంటుంది. ఆ రోజు అమ్మమ్మను కూడా ఆటోలో వెంటేసుకొచ్చింది. అక్క వస్తూనే కాళ్ళు కడుక్కుని, సంచిలోంచి రెండు గోంగూర కట్టలు తీసి, నా బాల్కనీలో చాప వేసుకుని ఆకు వలవడానికి కూర్చుంది. ఎవరింటికి వెళ్ళినా అక్కకు చేతిలో పని ఉండాలి. సహస్ర హాల్లో బల్లమీద ఒక కాగితం పరిచింది. మధ్యలో గీత కొట్టి, రెండు వైపులా ఖాళీ గళ్ళున్న కాగితం. "చిన్నమ్మమ్మా, మా తెలుగు మేడం ప్రాజెక్ట్ ఇచ్చింది. ఒక నవల, ఒక కథ తీసుకోవాలంట. రెండిట్లోనూ చిన్నవాళ్ళు పెద్దవాళ్ళయ్యేదే ఉండాలంట. వాళ్ళిద్దర్నీ కంపేర్ చెయ్యాలి. మండే సబ్మిషన్. కథ నీదే తీసుకున్నా, నవల అమ్మమ్మ పెట్టెలోది," అంది. పుస్తకం అట్ట చూడగానే నాకు మైదా జిగురు వాసన వచ్చినట్టనిపించింది. రాలేదు. ఇన్నేళ్ళకు ఏం వస్తుంది.

మా నాన్నగారు గోదావరి వైపు నుంచి ఉద్యోగం కోసం వచ్చి, నగరంలో ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరి, హఫీజ్‌పేట్ స్టేషను దగ్గర రెండు గదులు కిరాయికి తీసుకున్నారు. ఇప్పుడు అద్దాల భవనాలు లేచిన వైపంతా అప్పుడు బండరాళ్ళు, సీతాఫలం పొదలు. సాయంత్రం ఐదు దాటితే ఆ దిక్కుకు ఎవరూ వెళ్ళేవాళ్ళు కారు. ఇంటావిడ సత్తెమ్మ ముందు వాకిట్లో ఉండేది. మా అమ్మకు ఉబ్బసం. చలి మొదలైందంటే మూడు దిండ్లు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. ఇల్లంతా నీలగిరి తైలం వాసన, దాని వెనక బొగ్గుల కుంపటి వాసన. అందరికంటే ముందు లేచేది మా అక్క వరలక్ష్మి. కుంపటి రాజేసి, అమ్మకు వేడినీళ్ళు పెట్టి, వీపు రాసి, నాన్నగారికి క్యారేజీ సర్ది, అప్పుడు నన్ను లేపేది. నాకంటే రెండేళ్ళు పెద్దది, అంతే. పదో తరగతి ప్యాసై ఇంట్లో ఉంది. కాలేజీ సంగతి ఎత్తితే నాన్నగారు "అమ్మ కాస్త తేరుకోనీ, వచ్చే ఏడు చూద్దాం" అనేవారు. ఆ వచ్చే ఏడు వచ్చింది, మళ్ళీ వచ్చే ఏడు అన్నారు. నాన్నగారు కసురుకునే మనిషి కాదు, మెత్తగా చెప్పేవారు. మెత్తగా చెప్పినదానికి ఎదురు చెప్పడం మరీ కష్టం.

ప్రతి గురువారం ఆయన ఆఫీసు నుంచి వస్తూ వారపత్రిక తెచ్చేవారు. ఆదివారం భోజనాలయ్యాక చాప మీద కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుని, అందులో వచ్చే రెండు సీరియళ్ళూ పైకి చదివేవారు. వాటి పేర్లు ఇక్కడ రాయను, రాసినా ఇప్పుడెవరికీ గుర్తుండవు. రెండూ ఆడపిల్లల కథలే. ఒకదాంట్లో సుగుణ అనే పిల్ల, తల్లి మంచం పట్టాక బడి మానేసి ముగ్గురు తమ్ముళ్ళను సాకుతుంటుంది. రెండోదాంట్లో నళిని అనే పిల్ల రేకు పెట్టె పట్టుకుని పట్నంలో హాస్టలుకు చదువుకోవడానికి పోతుంది. చదవడం అయ్యాక నాన్నగారు ఒకటే ప్రశ్న అడిగేవారు: "ఈ వారం ఎవరు ఎదిగారు?" పిల్లల కథ అన్నాక వారానికి వేలెడంతైనా ఎవరో ఒకరు ఎదగాలని ఆయన సిద్ధాంతం. అక్క ఒకరి తరఫున, నేను ఒకరి తరఫున వకీళ్ళలాగా వాదించాలి. అమ్మ దిండ్ల మీద నుంచి వినేది. గడపలో కూర్చుని సత్తెమ్మ కూడా వినేది. మా గొంతులు లేచినప్పుడల్లా "గీ కాయితాల మనుషుల కోసం ఇంత కొట్లాట ఏంది బిడ్డా?" అని నవ్వేది. ఒకసారి మాత్రం నవ్వకుండా, "ఆ సుగుణకు జర నోరుంటే మంచిగుండు" అంది.

ఎవరు ఎవరి తరఫు అన్నది మొదటి ఆదివారమే తేలిపోయింది. తేలిన తీరు చెప్పాలి, ఎందుకంటే మా ఇద్దరి మీద నేను రాసిన, సహస్ర ప్రాజెక్టుకు తీసుకున్న కథలో అది రాయలేదు. నాన్నగారు చదవడం ఆపగానే అక్క, "నళిని నాది" అంది. అక్క ఏదైనా తనదని అనడం చాలా అరుదు. నేను ఒప్పుకోలేదు. నళిని నాకే కావాలని చాప మీద పడి ఏడ్చి, సాయంత్రం ఫలహారం కూడా ముట్టలేదు. పద్నాలుగేళ్ళ దాన్ని, చంటిపిల్లనేం కాదు. అమ్మ ఆయాసపడుతూనే, "చిన్నదానికి ఇచ్చెయ్యవే, పోనీ" అంది. అక్క ఇచ్చేసింది. అలా సుగుణ ఆమె వాటాకు వచ్చింది. వాటాకు వచ్చిన దాని తరఫున అక్క ఎంత బాగా వాదించేదని! ఇన్నేళ్ళు పాఠాలు చెప్పాను, అలా ఒక పాత్రను పట్టుకుని మాట్లాడిన విద్యార్థి నాకు ఇద్దరు ముగ్గురికంటే తగల్లేదు. నళినికి వ్యాసరచనలో బహుమతి వచ్చిన వారం నేను గెలిచినట్టే లెక్క అనుకున్నాను. అక్క పప్పులో రాళ్ళు ఏరుతూ నెమ్మదిగా అంది: "నళిని ఊరు మారింది, మనిషి అలాగే ఉంది. సుగుణ ఉన్నచోటే ఉండి, ఈ వారం తమ్ముడు చేసిన తప్పు తన మీద వేసుకుంది. ఎదగడానికి రైలెక్కక్కర్లేదు." నాన్నగారు కళ్ళజోడు తీసి, "అదీ మాట" అన్నారు.

సీరియళ్ళు చింపి దాచి, పూర్తయ్యాక పుస్తకంగా కుట్టుకోవడం ఆ రోజుల్లో చాలా ఇళ్ళలో ఉండేది. మా ఇంట్లో ఆ పని నాన్నగారిది. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి, దబ్బనంతో కుట్టి, అట్టలు అంటించి, పైన రోలు బరువు పెట్టేవారు. అయితే ఈ రెండు సీరియళ్ళతో ఒక చిక్కు వచ్చింది. పత్రికలో సుగుణ కథ ముందు వచ్చేది, అది ముగిసిన వెంటనే నళిని కథ మొదలయ్యేది. దాంతో ఒకే కాగితానికి ముందువైపు సుగుణ కథలో ఆ వారపు ఆఖరి పేజీ, వెనకవైపు నళిని కథలో మొదటి పేజీ ఉండేవి. రెంటినీ విడదీసి రెండు పుస్తకాలు కుట్టాలంటే ఆ కాగితం ఎవరికి? నాకే. అడగాలా! నా పుస్తకంలో సుగుణ వైపు మీద పెన్సిలుతో ఏటవాలుగా ఒక గీత కొట్టేవాళ్ళం, అది మన కథ కాదు, దాటెయ్యమని. అక్క తన పుస్తకం కోసం ఆ పేజీని ప్రతివారం తెల్లకాగితం మీద చేత్తో రాసుకునేది. సోమవారం అమ్మ పడుకున్నాక, కిటికీ దగ్గర కూర్చుని రాసేది. సగం ఏడాదికి పైగా అలా రాసింది.

సుగుణ కథ ముందు ముగిసింది. నేను అప్పుడే పదో తరగతి ప్యాసయ్యాను. మా ఇద్దరిలో ఒక్కరే నాన్నగారితో రైల్లో నగరం వెళ్ళి కాలేజీలో చేరగలరు, రెండోవాళ్ళు పగలంతా అమ్మ దగ్గర ఉండాలి. ఎవరనేది ఎవరూ పైకి అనలేదు, ఇంట్లో అందరికీ ఆ ఆలోచనే. ఆ తరవాతి ఆదివారం నాన్నగారు సుగుణ కథ కుట్టడానికి కూర్చున్నారు. పేజీలు వరసగా పెట్టుకుంటూ ఆఖరి కాగితం దగ్గర ఆగారు. చాలాసేపు చూశారు. తరవాత నన్ను పిలిచి, ఆ కాగితం నా చేతిలో పెట్టి, "అక్క చేతిరాత చూసి నేర్చుకో" అన్నారు. నా రాత కోడి కెలికినట్టు ఉంటుందని ఇంట్లో పాత మాటే. నాకు ఒళ్ళు మండింది. ఆ గుండ్రటి అక్షరాలను పైనుంచి కిందికి ఒక్కచూపు చూసి కాగితం తిరిగి ఇచ్చేశాను. అక్క చేతిలో గరిటెతో వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. గిర్రున తిరిగి లోపలికి వెళ్ళిపోయింది. పొగిడేసరికి ఎంత గర్వమో అనుకున్నాను. రెండు రోజుల తరవాత నాన్నగారు నన్ను కాలేజీలో చేరుస్తున్నట్టు చెప్పారు. "పెద్దదానికి ఇల్లంటే ప్రాణం. ఎదగడానికి రైలెక్కక్కర్లేదని అదే చెప్పిందిగా," అని అమ్మతో అన్నారు. అక్క తల ఊపింది.

మిగిలింది నా కథ చదివినవాళ్ళకు తెలుసు. అందులో పెద్దక్క పొద్దున్నే చెల్లెలి వెంట స్టేషను దాకా వచ్చి, టిఫిను డబ్బా అందించి, రైలు కదిలాక కూనిరాగం తీసుకుంటూ ఇంటికి నడిచిపోతుంది. "ఎదగడానికి రైలెక్కక్కర్లేదు" అనే మాట కూడా పెట్టాను. నేను రాసినవాటిలో జనం గుర్తుపెట్టుకున్నది ఆ కథ ఒక్కటే. అక్క స్టేషనుకు వచ్చిన మాట నిజం. కూనిరాగం మాత్రం నేను కల్పించాను. అప్పుడు అది అబద్ధమని అనిపించలేదు, కథకు కావలసి వచ్చిందనుకున్నాను.

సహస్ర కాగితం మీద రెండు గళ్ళు నింపి మూడో గడి దగ్గర ఆగింది. నేను పాత అలవాటు కొద్దీ పాఠం మొదలుపెట్టాను. నవల్లో పిల్లకు ఎదగడానికి బోలెడు సమయం ఉంటుందనీ, తప్పు చేసి దిద్దుకుని మళ్ళీ చేస్తుందనీ, కథలో పిల్ల మాత్రం ఒక్క సాయంత్రంలో, ఒక్క మాటతో ఎదగాలనీ, అందుకే కథలో ఆ ఒక్క మాట ఎవరంటారో చూడాలనీ చెప్పాను. అది తల ఊపుతూ రాసుకుంది. చెబుతుంటేనే నాకు అలసటగా ఉంది. ఇదే పాఠం ఎన్ని బ్యాచులకు చెప్పానో.

"ఓకే. అయితే మెయిన్ డిఫరెన్స్ ఇదేగా చిన్నమ్మమ్మా. నీ కథలో పెద్దక్క హ్యాపీగా ఇంట్లో ఉండిపోతుంది, నవల్లో సుగుణ కాలేజీకి వెళ్తుంది," అంది.

"సుగుణ ఎక్కడికీ వెళ్ళదమ్మా. సరిగ్గా చదవలేదు నువ్వు. చివర్లో తమ్ముళ్ళకు అన్నం పెట్టి దీపం వెలిగిస్తుంది. నాకు బాగా గుర్తు."

"లేదు, ఇదిగో చూడు. వాళ్ళ నాన్నని అడుగుతుంది. వాళ్ళ చెల్లి కూడా ఉంది ఇక్కడ."

"సుగుణకు చెల్లెలు లేదే. ముగ్గురూ తమ్ముళ్ళే," అన్నాను. కొంచెం విసుగ్గానే అన్నాను.

సహస్ర పుస్తకం నా ముందుకు తోసింది. ఆఖరి పేజీ. అక్క చేతిరాత. సిరా గోధుమరంగుకు తిరిగింది గానీ అక్షరాలు అలాగే ఉన్నాయి. నేను లేచి అలమరలోంచి నా నళిని పుస్తకం తీశాను. ఎన్ని ఇళ్ళు మారినా దాన్ని వదల్లేదు, విప్పిందీ లేదు. వెతికితే ఆ వారం కాగితం దొరికింది. ముందువైపు ఏటవాలు పెన్సిలు గీత, ఆ గీత కింద అచ్చులో సుగుణ కథ ముగింపు. నాకు గుర్తున్నట్టే ఉంది. సుగుణ తమ్ముళ్ళకు అన్నం పెట్టి, దీపం వెలిగించి, తన పాత పుస్తకాలు పెట్టెలో పెట్టి తాళం వేస్తుంది. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. దీపం వెలిగించేదాకా అక్క ఉన్నదున్నట్టు రాసింది. ఆ తరవాత రాసింది పత్రికలో లేదు. పెట్టెకు తాళం వెయ్యబోయి సుగుణ ఆగుతుంది. నాన్న దగ్గరికి వెళ్ళి అంటుంది: "నాన్నా, నాకూ చదువుకోవాలని ఉంది. చెల్లి ఒకరోజు, నేను ఒకరోజు రైలెక్కుతాం. ఎవరు ఇంట్లో ఉంటే వాళ్ళు అమ్మను చూసుకుంటాం. వెళ్ళిన వాళ్ళు వచ్చి, ఉన్నవాళ్ళకు పాఠం చెబుతాం. నా మాట ఒక్కసారి ఆలోచించండి." కింద, అచ్చులో ఉన్నట్టే చుట్టూ చిన్న పువ్వులు గీసి, సమాప్తం అని రాసింది.

ఒకరోజు విడిచి ఒకరోజు కాలేజీకి వస్తామంటే ఏ కాలేజీ ఒప్పుకుంటుంది? పదిహేడేళ్ళ పిల్లకు ఆ సంగతి తెలియదు. తనకు కావలసింది అడిగేటప్పుడు కూడా సగమే అడిగింది, మిగతా సగం నాకు వదిలింది. అది తలుచుకుంటే నాకు ఏడుపు వచ్చింది. సహస్ర బిత్తరపోయి నీళ్ళు తెచ్చింది.

పుస్తకం పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళాను. అక్క ఆకు ఒక పక్క, కాడలు ఒక పక్క వేస్తోంది. అవతల మియాపూర్ వైపు కొత్తగా లేస్తున్న టవర్ల మీద క్రేన్లు నెమ్మదిగా తిరుగుతున్నాయి. ఇప్పుడు ఎవరింట్లోనైనా అమ్మకు బాగాలేకపోతే ఫోనులో నొక్కితే నర్సు వస్తుంది. అక్క కూతురు పద్మ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఏ దేశం వాళ్ళతోనో మాట్లాడుతుంటుంది. "నువ్వు చదవకపోతేనేం వరలక్ష్మీ, నీ కూతురు సాఫ్ట్‌వేరులో ఉందిగా" అని ఎవరైనా ఓదారిస్తే అక్క నవ్వి ఊరుకుంటుంది. ఆ మాట నేనూ ఒకటి రెండుసార్లు అన్నాను. ఒకరి ఆకలికి ఇంకొకరు తింటే సరిపోతుందా? ఇన్నాళ్ళూ నాకు ఆ పాటి తట్టలేదు.

"ఇది నువ్వు రాసిందేగా అక్కా?" అన్నాను, పేజీ చూపిస్తూ.

కళ్ళజోడు లేకుండానే గుర్తుపట్టింది. "ఆఁ. పిచ్చి రాతలు. దానికెందుకు చూపించావే?"

"అదే నాకు చూపించింది. ఇన్నేళ్ళూ నాకు చెప్పలేదేం?"

"చెప్పడానికేముంది భారతీ. నాన్నగారు చూస్తారని రాశాను. కుట్టేటప్పుడు ప్రతి పేజీ చూస్తారుగా ఆయన."

"మరి చూళ్ళేదా?"

"చూశారు. నాలుగుసార్లు చదివారు. గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాను. సుగుణకు చెల్లెలు లేదని వారం వారం చదివిన మనిషికి తెలియదూ?" ఒక పుచ్చు ఆకు తీసి పక్కన పడేసింది. "ఆ తరవాత నిన్ను పిలిచి, నీ చేతిలో పెట్టారు. చేతిరాత చూసి నేర్చుకో అన్నారు. నీకు గుర్తులేదూ?"

గుర్తుంది. నాన్నగారు అక్కను మెచ్చుకుని నన్ను చిన్నబుచ్చిన రోజుగా ఆ రోజును ఇన్నాళ్ళూ మనసులో పెట్టుకున్నాను. ఆయన మంచివారు. తాను తేల్చలేని మాటను నా చేతిలో పెట్టి చూశారో, లేక చేతిరాత మెచ్చుకుని ఆ మాటను దాటేశారో, ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేరు. నాకు తెలిసింది ఒక్కటే. అక్క అడిగింది నా చేతిలో ఉంది. నేను అక్షరాలు చూశాను, చదవలేదు. అక్కలో నేను చూడని సంతోషాన్ని కథగా రాసి, మెప్పులు పొంది, దాన్నే పిల్లలకు పాఠంగా చెప్పాను.

నేను కింద కూర్చోలేక గోడకు ఆనుకుని నిలబడ్డాను. లోపల్నుంచి సహస్ర అడుగుతోంది, "చిన్నమ్మమ్మా, అయితే నవల ఎండింగ్ ఏది రాయాలి? ప్రింట్‌దా, అమ్మమ్మదా?" జవాబు అక్క చెప్పింది. "అచ్చులోదే రాయమ్మా, మీ మేడం మార్కులు తీసేస్తుంది" అంది.

నేను ఒక కట్ట తీసుకుని ఆకు వలవబోయాను. అక్క నా వైపు చూడకుండానే అడిగింది, "ఆ రోజు చదివి ఉంటే ఏం చేసేదానివే?"

ఏదైనా మంచి మాట చెబుదామనుకున్నాను. చెప్పగలను, నలభై ఏళ్ళు మాటలతోనే బతికాను. నళిని కోసం చాప మీద పడి ఏడ్చిన పిల్ల గుర్తొచ్చింది. "చింపేసేదాన్నేమో అక్కా," అన్నాను.

"తెలుసు," అంది అక్క. "అందుకే నీకు ఇవ్వలేదు, ఆయనకు ఇచ్చాను."